ఆ బ్యాంకులో టీ ఎవరు పెడతారు?

మొన్న మంగళవారం మధ్యాహ్నం మా టీ మామకు ఫోన్ చేద్దామని కూర్చున్నాను. పొద్దున నా ఉద్యోగంలో ఒక తమాషా జరిగింది, అది చెప్పి ఆయన్ను నవ్వించాలి. నంబరు నొక్కేలోపే ఆయన చిన్నకూతురి వాయిస్ మెసేజ్ కనబడింది. "మా అబ్బా పొద్దున పోయినాడక్కా. ఏం బాధ పడల్యా. టీ తాగినాడు, చక్కెర తక్కువేసినావని నన్ను తిట్టినాడు, గ్లాసు కింద పెట్టి అట్లే వెనక్కి వాలినాడు." ఆ పిల్ల ఏడుస్తూ చెబుతోంది. నాకు ఏడుపుతో పాటు నవ్వూ వచ్చేసింది. చక్కెర కోసం తగువు పెట్టుకుని పోవడం మా మామకే చెల్లింది. ఆ తమాషా వినాల్సిన మనిషి లేడు గనుక మీకే చెప్పుకుంటాను. కాకపోతే ముందు ఆయనెవరో మీకు తెలియాలి.

మామ నాకు చుట్టం కాదు. ఆయనది రాయచోటి, మాది కడప పక్కన పల్లె. కువైట్‌లో అబ్బాసియాలో మా ఫ్లాటుకు ఎదురుగదిలో ఇంకో నలుగురితో కలిసి ఉండేవాడు. సిటీలో ఒక పెద్ద బ్యాంకులో టీ పెట్టే పని. చదువు రాదు. బ్యాంకు సంగతులన్నీ ఆయనకు చక్కెర లెక్కలో తెలుసు. మేనేజరుకు రెండు చెంచాలు, క్యాషియరుకు ఒకటి, అప్పు కోసం వచ్చినవాడికి మూడు. "వానికెందుకు మామా అన్ని?" అంటే, "నోరెండిపోయి ఉంటాది గదమ్మా పాపం" అనేవాడు. తనకు మాత్రం నాలుగు. గ్లాసు పట్టుకున్న చెయ్యి చూసి ఎవడు భయపడుతున్నాడో, ఎవడు అబద్ధమాడుతున్నాడో చెప్పగలనని ఆయన నమ్మకం. మేమంతా ఎగతాళి చేసేవాళ్ళం.

1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం వచ్చిన రోజు మామ పనికని బయల్దేరి, దారిలో ట్యాంకులు చూసి వెనక్కి వచ్చేశాడు. బ్యాంకు వంటగది తాళంచెవి మొలతాడుకు వేలాడుతోంది. మర్నాడే మా వరండాలో స్టవ్ వెలిగించాడు. "బ్యాంకు మూసినారు గానీ నా డ్యూటీ ఎవరూ మూయల్యా" అన్నాడు. బయట కర్ఫ్యూ, లోపల బిల్డింగు మొత్తానికీ మామ టీ. చక్కెర దొరకడం కష్టమైంది. ఆయన మాకెవరికీ చెప్పకుండా రోజూ రవ్వంత రవ్వంత తగ్గిస్తూ పోయాడు. రెండు వారాలకు అందరం చక్కెర లేని టీ తాగుతున్నాం, ఒక్కరికీ తెలీదు. తెలిశాక ఆడవాళ్ళం కొట్లాటకు పోతే, "బాగుందని మీరే గదా తాగినారు!" అని పగలబడి నవ్వాడు. చివరికి ఆయన కూతురు ఆయనకు చేసిందీ అదే.

ఇక సూటాయన సంగతి. మన దేశం మనిషే, అంత ఎండలోనూ సూటు విప్పేవాడు కాదు. ఏ ఊరని అడిగితే ఒక్కోసారి ఒక్కో ఊరు చెప్పేవాడు. అంతకుముందు కూడా శుక్రవారాలు వచ్చి ఒక రంగుల పుస్తకం చూపించేవాడు. సముద్రం మధ్యలో బుల్లి దేశం, కొబ్బరిచెట్లు, అద్దాల మేడ. ఆ మేడే బ్యాంకట. అక్కడ పన్ను లేదు, ఎంత వేసినా అడిగేవాళ్ళు లేరు. ఆగస్టు చివర్లో హడావుడిగా వచ్చి, "ఈ దినార్లు రేపు చిత్తుకాగితాలు. నేను అమ్మాన్ మీదుగా బయటపడుతున్నా. నా చేతికివ్వండి, మీ పేర్న ఆ బ్యాంకులో వేస్తా. ఇదిగో పత్రం. ఇండియాలో ఎక్కడైనా చెల్లుతుంది" అన్నాడు.

అప్పటికి మా అందరి గుండెల్లోనూ అదే దడ. ఏళ్ళ తరబడి దాచుకున్నది చెల్లుతుందా, చెల్లదా? మమ్మల్ని పనికి పెట్టుకున్న కఫీళ్ళు ఎక్కడికి పోయారో తెలీదు. జీతం అడగడానికి మనిషి లేడు. బిల్డింగులో ఇంగ్లీషు చదవగలిగింది నేనొక్కదాన్నే. బి.కాం. మరి! ఆ పుస్తకం చదివి, తెలుగులో చెప్పి, "నిక్షేపంలాంటి బ్యాంకు" అని తీర్పు కూడా ఇచ్చేశాను. అడిగేవాళ్ళు లేరన్న ముక్క దగ్గరైతే గొంతు పెంచి మరీ చదివాను. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

మా ముందుగదిలో చాప పరిచాం. తొమ్మిది ఇళ్ళవాళ్ళు తమ తమ మూటలు తెచ్చి ముందు పెట్టుకున్నారు. సూటాయన కాగితాలు తీశాడు. మామ ట్రే పట్టుకొచ్చి ఆయనకు గ్లాసు అందించి, కదలకుండా అక్కడే నిలబడ్డాడు.

"సార్, మీ బ్యాంకులో టీ ఎవరు పెడతారు?"

సూటాయన నవ్వాడు. "అదంతా నాకేం తెలుసయ్యా?"

"మీరు యాపొద్దన్నా పోయినారా ఆ బ్యాంకుకు?"

"చాలాసార్లు పోయాను."

"పోతే మీకు టీ ఇయ్యల్యా?"

"ఇచ్చారు. కాఫీ ఇచ్చారు."

"ఎవరిచ్చినారు? ఆడమనిషా, మగమనిషా?"

సూటాయన గ్లాసు కింద పెట్టేశాడు. "మిషన్ ఉంది. బటన్ నొక్కితే వస్తుంది. యల్లా, సంతకాలు పెట్టండి, నాకు టైము లేదు."

"మిషన్‌లో పాలు ఎవరు పోస్తారు సార్? పొద్దున్నే తలుపు ఎవరు తీస్తారు? ఇంతమంది డబ్బు అంత దూరం మోసుకొచ్చిన మనిషికి ఒక గ్లాసు ఇచ్చినోడు గుర్తుండడా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. నేను చదివి చెప్పిన తర్వాత టీ మనిషి అడ్డురావడమా! "మామా, నువ్వు గమ్మునుండు. నేను మొత్తం చదివినాను" అన్నాను.

మామకు కోపం రాలేదు. "చదివినావులేమ్మా. నువ్వు చదివింది వాళ్ళు రాసిందే గదా" అన్నాడు.

రుమైథియాలో ఒక అరబ్బు ఇంట వంట చేసే అక్క ముందుగా తన మూట తీసి ఒళ్ళో పెట్టుకుంది. "మా మామా ఇంటికి పాలవాడొచ్చినా నేను గుర్తుపెట్టుకుంటా" అంది. అక్కడ యజమానురాలిని మామా అంటారు. ఆ తర్వాత ఒక్కొక్కరే మూటలు తీసుకున్నారు. చాప మీద నాదొక్కటే మిగిలింది. అది కడపలో ఇంటిజాగా కోసం మేం రెండేళ్ళుగా కూడబెట్టింది. మా ఆయన నా వంక చూశాడు. నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. ఆ మూట సూటాయన చేతిలో పెట్టి, సంతకం చేసి, పత్రం తీసుకున్నాను. నా మొండితనానికి మా ఇంట్లో ఇప్పటికీ పేరుంది.

సెప్టెంబరులో బస్సులెక్కి బస్రా, బాగ్దాద్ దాటి అమ్మాన్ చేరాం. జోర్డాన్ సరిహద్దు గుడారాల్లో మామ ఒక నూనె డబ్బాలో నీళ్ళు కాచి, ఎవరెవరి దగ్గరో టీపొడి అడుక్కొచ్చి, ముక్కూమొహం తెలీనివాళ్ళకు కూడా పోశాడు. దారి పొడవునా సూటాయన ఊసు ఒక్కసారీ ఎత్తలేదు. ఎత్తి ఉంటే నాకు తేలిగ్గా ఉండేది.

ఊరికొచ్చాక ఆ పత్రం పట్టుకుని ఎక్కని బ్యాంకు మెట్లు లేవు. ఒకచోట గుమాస్తా దాన్ని అటూ ఇటూ తిప్పి, "కాగితం మాత్రం మంచిదమ్మా" అన్నాడు. కువైట్‌కు విముక్తి వచ్చాక మిగతా ఎనిమిది ఇళ్ళవాళ్ళ నోట్లు, ఏవో కొన్ని తప్ప, చెల్లాయి. నాకా, ఖలాస్. గది తలుపేసుకుని కూర్చున్నాను. మామ మళ్ళీ కువైట్ విమానం ఎక్కేముందు, అదే తాళంచెవి మొలతాడుకు కట్టుకుని, మా ఇంటికొచ్చాడు. మా వంటింట్లోకి తనే పోయి టీ పెట్టాడు, నాకు రెండు చెంచాలు వేసి ఇచ్చాడు. "పోయింది డబ్బే గదా, నువ్వు పోల్యా. చదువుకున్నదానివి. ఆ కాఫీ ఇచ్చినోడెవడో కనుక్కోపో" అన్నాడు.

కనుక్కోవడానికే పోయాను. నవ్వకండి, నిజం. బ్యాంకు పరీక్ష రాశాను, ఉద్యోగమొచ్చింది, ఏళ్ళు గడిచాయి. మా బ్యాంకుకు ఆ బుల్లి దేశంలో శాఖ ఉందని తెలిసి బదిలీ అడిగి తెచ్చుకున్నాను. దిగిన వారంలోనే పత్రంమీది అడ్రసు వెతుక్కుంటూ పోయాను. అద్దాల మేడ లేదు. ఒక బట్టలకొట్టు, దాని పైన ఒకే ఒక్క గది, ఆ గది తలుపుకు నలభైదాకా ఇత్తడి పలకలు. ఒక్కో పలక ఒక్కో బ్యాంకట! తాళం తుప్పు పట్టి ఉంది. రాయచోటికి సెలవుల్లో వచ్చిన మామకు ఫోన్ చేసి చెప్పాను. దగ్గొచ్చేదాకా నవ్వి, "ఇంతకీ నీకు టీ ఎవరిచ్చినారు?" అన్నాడు. బట్టలకొట్టాయన కూర్చోబెట్టి ఇచ్చాడన్నాను. "అయితే ఆ కొట్టే నయం. డబ్బులు ఆడ్నే దాచుకో!"

తర్వాత అక్కడి ప్రభుత్వమే బ్యాంకులను తనిఖీ చేసే ఆఫీసు పెట్టింది. నేను అందులో చేరాను. పలకలు ఊడబీకించడమే నా పని. ఎక్కడికెళ్ళినా ముందు వంటగది చూస్తాను. గిన్నె అడుగున మరక ఉందా, కప్పులకు ధరల స్టిక్కర్లు ఇంకా ఉన్నాయా? లెక్కల పుస్తకాలు ఆ తర్వాతే. ఒక్కో పలక ఊడినప్పుడల్లా మామకు ఫోన్. ఆయన అవతల గ్లాసు చప్పరిస్తూ వినేవాడు. నా ఇంటిజాగా దొరకలేదు గానీ, ఆ నవ్వు కోసం ఇంకో రెండు జాగాలు పోయినా బాధలేదనిపించేది.

ఇప్పుడు మొన్నటి తమాషా. ఆ ఇండియా ఆవిడ వస్తే టీ అడుగుతుందని దీవంతా పాకిపోయింది. కొత్తగా లైసెన్సు అడిగిన బ్యాంకుకు వెళితే, తళతళలాడే బల్లలు, తెల్లకోటు వేసుకున్న టీ మనిషి! నాకెంత ముచ్చటేసిందో! టీ కూడా బ్రహ్మాండంగా ఉంది. "మీ మేనేజరు గారికి చక్కెర ఎన్ని చెంచాలు బాబూ?" అని అడిగాను.

"మూడమ్మా" అన్నాడతను ధీమాగా.

సరిగ్గా అదే సమయానికి నా వెనక నుంచి మేనేజరు, "నేను చక్కెర ముట్టనండీ" అన్నాడు.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అంతకుముందు వాళ్ళు ఒకరినొకరు చూసుకున్నట్టే లేరు. "టీ బాగుంది. బ్యాంకు లేదు" అని ఫైల్లో రాసుకుని లేచాను. మామ వింటే ఏమనేవాడో నాకు తెలుసు. ఆ టీ పెట్టినోనికి కూలి ఇప్పించినావా అనేవాడు. ఇప్పించాను మామా, నా కళ్ళముందే ఇప్పించాను.

గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి చూశాను. మేనేజరు కిటికీ దగ్గర ఫోన్‌లో ఎవరిమీదో అరుస్తున్నాడు. టీ మనిషి తెల్లకోటు విప్పి కుర్చీకి తగిలించి, ఖాళీ బల్లల మధ్య కూర్చుని, మిగిలిన టీ గ్లాసులో వంచుకుని, చక్కెర డబ్బా దగ్గరికి లాక్కున్నాడు. ఒకటి, రెండు, మూడు. కాస్త ఆలోచించి, ఇంకొకటి.