బాపుకు ఏమీ అర్థం కాదని రాసిన రిపోర్టు

ఆ సాయంత్రం బాపు లూమ్ షెడ్డు నుంచి రాగానే బొటనవేలు నోటి దగ్గర పెట్టి నీళ్లడిగాడు. నేను ఫోన్ మీది నుంచి తల ఎత్తకుండా బిందె వైపు చెయ్యి చూపించాను. మా ఇంట్లో ఇది వింతేమీ కాదు. మేం వలస వచ్చిన చోట, సచిన్ అనే ఊరి దగ్గర బాపు పనిచేసే షెడ్డులో మగ్గాలన్నీ ఒకేసారి ఆడుతుంటే పక్కవాడి అరుపు కూడా వినపడదు. అక్కడ అందరూ, కూలికి పోయే అమ్మ కూడా, చేతి సైగలతో, పెదాలు చూసుకుంటూ మాట్లాడుకుంటారు. పన్నెండు గంటల డ్యూటీ దిగినా ఆ అలవాటు పోదు. అన్నం, నీళ్లు, ఫ్యాను, జర ఆగు, ఇంట్లో కూడా సగం మాటలు చేతులతోనే.

కోవిడ్ సెకండ్ వేవ్ కాస్త తగ్గిన రోజులవి. నాది బీఏఎస్‌ఎల్‌పీ ఆఖరి సంవత్సరం. వినికిడి, మాట సమస్యలకు చికిత్స నేర్పే డిగ్రీ అది. కాలేజీ మూసేస్తే ఉన్ అనే బస్తీలోని మా రెండు గదుల ఇంటికి వచ్చి ఆన్‌లైన్ క్లాసులు వింటూ, స్పీచ్ లాంగ్వేజ్ పాథాలజీలో ఎమ్మెస్సీ ఎంట్రన్సుకు చదువుతున్నాను. బాపు నీళ్లడిగినప్పుడు రాస్తున్న మాక్ టెస్టు స్ట్రోక్ వల్ల మాట పోవడం గురించే. మంచి మార్కులే వచ్చాయి. ఇది చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది.

పడుకునేదాకా బాపు ఒక్క మాట మాట్లాడలేదు, మేమూ పట్టించుకోలేదు. పొద్దున చొక్కా గుండీ పెట్టుకోబోతే కుడిచెయ్యి మాట వినలేదు. మూతి ఒక పక్కకు జారి ఉంది.

"ఏమైంది? ఏందట్ల జూస్తున్నవ్? నోరు తెరువ్" అని అమ్మ భుజం పట్టి కుదిపింది.

"బీమ్... బీమ్" అన్నాడు బాపు. మగ్గానికి ఎక్కించే నూలు రోలును బీమ్ అంటారు. తర్వాత కొన్ని నెలలపాటు ఆయన నోట వచ్చింది ఆ ఒక్క మాటే.

ఆస్పత్రి గేటు దగ్గర ముందు కోవిడ్ టెస్టు, ఆ తర్వాత సీటీ, ఎమ్మారై. "కబ్ సే బోల్నా బంద్ హై?" అని, మాట ఎప్పటి నుంచి ఆగిపోయిందో డాక్టర్ అడిగారు.

"షాయద్ కల్ శామ్ సే" అన్నాను, బహుశా నిన్న సాయంత్రం నుంచి అని.

"షాయద్?" అని నా వైపు చూశారు. ఆ తర్వాత మెల్లగా, నాలుగున్నర గంటల్లోపు తెచ్చి ఉంటే క్లాట్ కరిగించే ఇంజెక్షన్ ఇచ్చేవాళ్లమని, విండో దాటిపోయిందని హిందీలో చెప్పారు. ఆ నాలుగున్నర గంటల లెక్క నాకు కంఠతా వచ్చు.

వారం తర్వాత స్పీచ్ థెరపిస్టు వచ్చింది. నాకంటే నాలుగైదేళ్లు పెద్దదేమో. మొహానికి ఎన్95, దాని మీద షీల్డు. కేస్ హిస్టరీ రాస్తూ "హియరింగ్?" అని అడిగింది. "నార్మల్" అన్నాను, ఆలోచించనైనా లేదు.

"ఆంఖే బంద్ కరో" అంది ఆమె. బాపు నవ్వాడు. "ఛత్ దిఖావో" అని పైకప్పు చూపించమంటే మళ్లీ నవ్వాడు. తెలుగులో చెప్పి చూడమంది. రెండు మాస్కుల వెనక నుంచి "బాపూ, కండ్లు మూసుకో" అన్నాను. నా మొహంకేసి చూసి అదే నవ్వు నవ్వాడు.

గ్లోబల్ అఫేసియా, కాంప్రహెన్షన్ సివియర్లీ అఫెక్టెడ్, ప్రోగ్నోసిస్ పూర్ అని రిపోర్టు. అంటే మాట రాదు, మనం అనేదీ అర్థం కాదు, బాగుపడే ఆశ తక్కువ. "ఇప్పుడు థెరపీ పెట్టినా ఫాలో కాలేరు, మూడు నెలలాగి చూద్దాం" అంది. నేను నమ్మాను. పుస్తకంలో కూడా అలాగే ఉంది మరి.

డిశ్చార్జి నాటికి పక్క బెడ్డాయనకు పాజిటివ్. ఇంట్లో కూడా మాస్కులు పెట్టుకోమన్నారు. చెప్పిన రెండు వారాలూ అయిపోయినా నా భయం పోలేదు. నేను తీయలేదు, అమ్మను తీయనివ్వలేదు. బొమ్మల చార్టు గీసి బాపు ముందు పెడితే ఎడమచేత్తో విసిరికొట్టాడు. అన్నం ముద్ద నోటి దగ్గర పెడితే మొహం తిప్పుకునేవాడు. గోడవైపు తిరిగి గంటలకొద్దీ ఏడ్చేవాడు. ఎందుకు ఏడుస్తున్నాడో అడగడానికి దారి లేదు. నేను మూడేళ్లకుపైగా చదివిందంతా ఆ గదిలో ఒక్క పూటకు కూడా అక్కరకు రాలేదు. ఎంట్రన్స్ రోజు వచ్చింది, పోయింది. హాల్‌టికెట్ కూడా డౌన్‌లోడ్ చేసుకోలేదు. ఒక రోజైతే, ఇంతకన్నా ఆయన పోయినా బాగుండేది అనుకున్నాను. అనుకున్నది నిజం కాబట్టి రాస్తున్నాను.

ఒక మధ్యాహ్నం అమ్మ గది ముందున్న గ్యాలరీలో గిన్నెలు కడుగుతోంది. మాస్కు తడిసి గడ్డం కిందికి జారింది. అక్కడి నుంచే మంచం మీదున్న బాపు వైపు తిరిగి, షెడ్డులో లాగా గొంతు లేకుండా పెదాలతో, "అన్నమా, గట్కనా?" అంది. బాపు ఎడమచెయ్యి ఎత్తి, మక్క రవ్వతో వండే గట్క కలిపినట్టు తిప్పాడు.

నా చేతిలో పుస్తకం ఉంటే కింద పెట్టేశాను. "అమ్మా, ఇంకోటి అడుగు."

"తలుపు ఏదిక్కుంది?" అంది పెదాలతోనే. బాపు తలుపు చూపించాడు. మాస్కు పైకి లాగి గట్టిగా అడగమన్నాను. బాపు ఆస్పత్రిలో నవ్విన నవ్వే నవ్వాడు.

"మూతికి గుడ్డ గట్టుకొని మాట్లాడితే ఆయనకెట్ల సమజైతదే? ఇరవై ఏండ్ల సంది మూతి జూసే గద మాట్లాడుతుండు" అంది అమ్మ.

"మరి గిన్ని దినాలు చెప్పకపోతివేందే?" అని అరిచాను.

"డాక్టర్లు జెప్పినంక నేనేం జెప్త బిడ్డా? అంత సదువు సదివినవ్, నీకెర్కే అనుకున్న."

మాట పరీక్షించే ముందు చెవి పరీక్షించాలన్నది మాకు మొదటి సెమిస్టర్‌లోనే చెప్పారు. కానీ మోతకు చెవులు మొద్దుబారినా, మగ్గాల మీద బతికే ఇళ్లలో దాన్ని చెవుడు అనుకోరు. అందరూ అంతే ఉంటారు. ఎదురుగా నిలబడి, నోరు బాగా తెరిచి మాట్లాడతాం. పుట్టినప్పటి నుంచి బాపుతో అలాగే మాట్లాడిన నేను, థెరపిస్టు అడిగినప్పుడు నార్మల్ అన్నాను.

మర్నాడే అడాజన్‌లో ఆ థెరపిస్టు క్లినిక్కుకు వెళ్లి అంతా చెప్పాను. ఆమె ముందు బాపు చెవులు పరీక్ష చేయించింది. ఆడియోగ్రామ్‌లో రెండు చెవులూ బాగా దెబ్బతిన్నాయని తేలింది. కింద పార్కింగ్‌లో, ఆరడుగుల దూరంలో బాపును కుర్చీలో కూర్చోబెట్టి, మాస్కు తీసి మళ్లీ పరీక్ష పెట్టింది. నేనూ మాస్కు తీసి తెలుగులో అడిగాను. బాపు కళ్లు మూశాడు. పైకప్పు చూపించాడు. అడిగినవాటిలో చాలావరకు సరిగ్గా చేశాడు.

"బ్రోకాస్ అఫేసియా. అర్థమవుతోంది, మాట బయటికి రావడమే కష్టం. ఈ వారమే మొదలుపెడదాం" అంది హిందీలో. కానీ రెండున్నర నెలలు పోయాయి. అన్నీ తెలుస్తూనే, పెదాల్లేని మొహాల మధ్య ఆయన ఒంటరిగా పడి ఉన్నాడు. ఆ నెలలు ఎవరు తిరిగిస్తారు?

తర్వాతైనా సాఫీగా సాగలేదు. హియరింగ్ ఎయిడ్ పెడితే పీకి పారేశాడు. ఒకసారి ఫిట్స్ వచ్చి, అప్పటికి నేర్చుకున్న పది పన్నెండు మాటలూ పోయాయి. మళ్లీ బీమ్ దగ్గరికి వచ్చాం. మళ్లీ మొదటి నుంచి.

ఒక రోజు బొమ్మల కార్డులు చూపిస్తుంటే బాపు వాటిని పక్కకు నెట్టాడు. నా మొహం చూస్తూ, చెమటలు పట్టేదాకా కష్టపడి, "పరీచ్చ... రాయ్" అన్నాడు.

పరీక్ష మానేసిన సంగతి ఆయనతో ఎవరూ అనలేదు. హాల్‌టికెట్ వదిలేసిన రోజు గ్యాలరీలో మాస్కు కిందికి లాగి ఫ్రెండుతో ఫోన్లో మాట్లాడాను. "మా బాపుకు ఇంకేం తెలియదు, నేను పరీక్ష రాయను" అన్నాను. ఆయన మంచం మీది నుంచి నా పెదాలు చూశాడు. ఏమీ అర్థం కాదని రిపోర్టుకెక్కిన మనిషి ఆ మాటను అన్ని నెలలు మోశాడు. ఆయన రాయ్ అన్న రోజు కాళ్ల దగ్గర కూర్చుని చాలాసేపు ఏడ్చాను.

మరుసటి ఏడు ఎంట్రన్స్ రాశాను, సీటు వచ్చింది. బాపు రెండు మూడు మాటలు కలిపి మాట్లాడతాడు. కుడిచేత్తో ముడి వేయలేడు, మగ్గం ఇక లేదు. అమ్మ ఒక్కతే షెడ్డుకు పోతుంది. నా పేరు పలకడం ఆయనకు ఇంకా రాదు.

మీకు చెప్పేది ఒక్కటే. ఆస్పత్రిలో పేరు, వయసు, బీపీ, షుగర్ అడుగుతారు. మీ మనిషి ఇన్నేళ్లూ ఏం పని చేశాడో, మీరు ఇంట్లో ఆయనతో ఎలా మాట్లాడతారో చాలాచోట్ల అడగరు. అడగకపోయినా మీరే చెప్పి, ముందు చెవులు పరీక్ష చేయించండి. ఆయనకు ఏమీ తెలియదని ఎవరైనా రాసిచ్చినా, ఆ పరీక్ష అయ్యేదాకా ఆ కాగితం నమ్మకండి.