ఉప్పు అడగవచ్చిన సమ్మవ్వ

సమ్మవ్వ బాప్తిస్మం పేరు శారా. ఆ పేరు సంఘం రిజిస్టర్లో తప్ప మరెక్కడా వినబడేది కాదు. ఎవరైనా "శారమ్మా" అని పిలిస్తే ఆమె కూడా వెనక్కి తిరిగి, ఎవరొచ్చారా అని చూసేది. "మా అవ్వ జాతరల మొక్కుకొని పెట్టిన పేరు. ఎన్ని నీళ్ళు పోసినా కొట్టుకపోలే" అని నవ్వేది. ఆమెను ఆట పట్టించే హక్కు నాకు లేదు లెండి. నా పేరు రామచంద్రం. పాస్టరుకు ఇదేం పేరని అడిగినవాళ్ళకు జవాబు చెప్పీ చెప్పీ విసిగిపోయాను. మా బాపు పెట్టాడు, నేను ఉంచుకున్నాను.

1957లో జమ్మికుంట దగ్గరి ఆ పల్లెకు వచ్చేనాటికి నాకు ఇరవై ఆరేళ్ళు. పెళ్ళయి ఏడాది. నా ట్రంకు పెట్టెలో రెండు తెల్ల అంగీలు, ఒక నోట్‌బుక్కు ఉన్నాయి. ఆ నోట్‌బుక్కులో "దుఃఖితులను ఆదరించు విధానము" అని పదకొండు పేజీలు రాసుకున్నాను. దగ్గరగా కూర్చోవాలి. గొంతు తగ్గించాలి. కీర్తన చదవాలి. ప్రార్థన మూడు నిమిషాలు దాటకూడదు. అన్నీ మంచి మాటలే. కాకపోతే ఆ పదకొండు పేజీల్లోనూ సమ్మవ్వ లేదు.

నేను వచ్చిన రెండో నెలలో మొగిలి తల్లి చనిపోయింది. మొగిలి ఒంటరివాడు, పెళ్ళి కాలేదు, తల్లే లోకం. పాతిపెట్టి వచ్చినప్పటి నుంచి గోడకు మొహం పెట్టి పడుకున్నాడు. ఆ పక్క ఊళ్ళలో పదకొండు రోజులు గడిచేదాకా చావు జరిగిన ఇంట్లో ఎవరూ నీళ్ళు తాగరు, నిప్పు కూడా తీసుకోరు. మైల. మనకు మైల లేదని ఆదివారం గట్టిగా చెప్పాను. అందరూ తలలూపారు. ఊపి, మొగిలి ఇంటి కుండ వైపు చూడకుండా తమ తమ ఇళ్ళకు పోయి నీళ్ళు తాగారు.

ఇవ్వడానికైతే అందరూ వచ్చారు. ఒకరు గటక, ఒకరు పచ్చిపులుసు. మేనబావ భూమన్న పొరుగూరి నుంచి కల్లుకుండ తెచ్చాడు. ఏడ్చేవాళ్ళకు చుట్టాలు కల్లు తేవడం అక్కడి మర్యాద. మా సంఘంలో కల్లు మాన్పించాం. ఆ సంగతి గుర్తొచ్చి, నన్ను చూడగానే కుండ మీద రుమాలు కప్పి "మజ్జిగ, అయ్యగారూ" అన్నాడు. రుమాలు చుట్టూ నురగ పొంగుతోంది. నేను మజ్జిగను నమ్మినట్టే మొహం పెట్టి కీర్తన చదువుతూ కూర్చున్నాను.

అప్పుడు వచ్చింది సమ్మవ్వ. యాభై ఏళ్ళు ఉంటాయి. జమ్మికుంట మార్కెట్లో పత్తి ఏరే పని, తలనిండా దూది నూగు. చేతిలో ఖాళీ గిన్నె.

"మొగిలీ, ఇంట్ల ఉప్పు ఒడిసింది. గింత పెట్టు" అంది.

నేను కీర్తన మధ్యలో ఆగిపోయాను. ఆడవాళ్ళు నోటికి కొంగులు అడ్డం పెట్టుకున్నారు. భూమన్న అయితే "ఓ ముసల్దానా, నీకు బుద్ధుందా?" అని పైకే అన్నాడు. సమ్మవ్వ కదల్లేదు. గిన్నె అట్లాగే చాపి నిలబడింది. మొగిలి కోపంతో లేచాడు, ఉప్పుకుండలో చెయ్యి పెట్టి పిడికెడు తీసి గిన్నెలో కొట్టాడు.

"గింతేనా? మీ అవ్వయితే దోసిలి నిండ పెడుతుండె."

మొగిలి బావురుమన్నాడు. ఏడుస్తూనే రెండు చేతులా తీసి పెట్టాడు. తర్వాత సమ్మవ్వ అక్కడే చతికిలబడి, వాళ్ళమ్మ ఎప్పుడెప్పుడు ఏమేం ఇచ్చిందో చెప్పడం మొదలుపెట్టింది. వాడు మధ్యమధ్య "కాదు, గది బెల్లం, చక్కెర కాదు" అని దిద్దుతూ వచ్చాడు. ఆ సాయంత్రం అన్నం తిన్నాడు. నా కీర్తన అంతా ఎటుపోయిందో తెలియదు.

నాకు మాత్రం ఒళ్ళు మండింది. మర్నాడే పోయి నిలదీశాను. "దుఃఖంలో ఉన్నవాడికి ఇవ్వాలిగాని అడుగుతారా సమ్మవ్వా?"

"అందరు ఇచ్చుడే గదా అయ్యగారూ! ఇచ్చి ఇచ్చి ముష్టోన్ని చేస్తరు. నీతోని ఏం కాదు, నువ్వు పండుకో అన్నట్టే గదా? నేను అడిగితే వానికి యాదికొస్తది, నా చేతిల ఇంక ఏమన్న ఉన్నదని."

ఈ విద్య ఎక్కడ నేర్చుకుందో కూడా చెప్పింది. పోలీసు చర్య అయిన ఏడాది ఆమె కొడుకు జ్వరంతో పోయాడు. పద్దెనిమిది రోజులు మంచం దిగలేదట. వచ్చినవాళ్ళు చెప్పిన మంచి మాటలు ఒక్కటీ చెవికెక్కలేదట. చివరికి పక్కింటి లస్మవ్వ తన చంటిపిల్లను తెచ్చి ఆమె మీద పడేసి, "పట్టు, నీళ్ళకు పోయొస్త" అని పోయి పొద్దెక్కేదాకా రాలేదు.

"గా పిల్ల నా మీద ఉచ్చ పోసింది. ఇంకేం జెయ్యాలె? లేచి చీరె మార్చుకున్న. లేచినంక మల్ల పండబుద్ధి కాలే. గప్పుడనుకున్న, దేవుడు నన్ను ఇడిసిపెట్టలేదని."

ఈ చివరి మాటను నా పదకొండు పేజీలకు జతచేయాలా వద్దా అని చాలా ఆలోచించాను. ఉచ్చ సంగతి రాయకుండా ఆ మాట రాస్తే అర్థం కాదు. రాస్తే నోట్‌బుక్కు ఎవరికీ చూపలేను.

ఆమె పద్ధతి అన్నిసార్లూ పారేది కాదు. పోశం పెళ్ళాం పోయినప్పుడు గంప అడిగి తెచ్చింది. ఆ గంప మూడోరోజే ఎవరో ఎత్తుకుపోయారు. పోశం వారం వారం మా ప్రార్థన గుడి ముందుకు వచ్చి "నా గంపేది?" అని గొడవ చేసేవాడు. వచ్చినవాడు ఎట్లాగూ వచ్చానని లోపల కూర్చునేవాడు. ఇప్పటికీ నాకు తెలియదు, ఆ గంప నిజంగా పోయిందా, లేక సమ్మవ్వ అటక మీద ఉందా అని.

మరుసటి ఏడు వానాకాలంలో మాకు ఆడపిల్ల పుట్టింది. నా భార్య సరోజన వాళ్ళమ్మ పేరే పెట్టుకున్నాం. పుట్టిన రోజు నుంచే పాలు తాగలేదు. ఊళ్ళో సంఘమంతా ఉపవాసం పట్టింది, ఉపవాసమంటే మొహం చాటేసే మొగిలితో సహా. పిల్ల తొమ్మిది రోజులు బతికింది.

తర్వాత నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. అంత మంచివాళ్ళు. గంట కొట్టే పని ఒకరు తీసుకున్నారు, ప్రసంగం సంఘపెద్ద మొండయ్య తీసుకున్నాడు. ఆయన నోవహు ఓడ కథ ఎత్తుకున్నాడు. జంతువులను ఒక్కొక్కదాన్ని పేరు పెట్టి ఎక్కిస్తూ పోయాడు. రెండు ఆదివారాలు గడిచినా ఓడ కదల్లేదు. "అయ్యగారిని కదిలియ్యకుండ్రి" అని అందరికీ చెప్పేవాడట. నేను నిజంగానే కదల్లేదు. పగలంతా వరండాలో కూర్చునేవాణ్ణి. ప్రార్థన నోటికి రాలేదు. రాకపోవడం కాదు, నాకు ఇష్టం లేదు. చివరికి కరీంనగర్లో ఉండి మా సంఘాలను చూసే పెద్దయ్యగారికి, ఈ పనికి నేను తగనని ఉత్తరం రాసి కవరులో పెట్టాను. వచ్చే సోమవారం బండిలో పంపాలి.

సమ్మవ్వ మాత్రం రాలేదు. అందరిళ్ళకు పోతుంది, మా ఇంటికి రాదేమిటని నాకు కోపం. సరోజన ఆ రోజుల్లో నాతో మాట్లాడేదే కాదు, పిల్ల పేరు అసలే ఎత్తేది కాదు. ఒకరోజు ఉప్పు జాడీ దించి, చూసి, నిండా నింపింది. "వస్తది గదా" అంది. అంతే.

ఇరవయ్యో రోజు, శనివారం పొద్దున, వచ్చింది. చేతిలో గిన్నె లేదు. వరండా మెట్టు మీద కూర్చుని చాలాసేపు తలలోని దూది ఏరుకుంది. సరోజన లోపలి నుంచి జాడీ పట్టుకొని గడప దాకా వచ్చింది.

"ఉప్పుంది బిడ్డా నా ఇంట్ల" అంది సమ్మవ్వ. సరోజన అక్కడే ఆగిపోయింది.

"అయ్యగారూ, నేను దేవునితోని మాట్లాడుతలేను."

"ఎందుకు?"

"ఎందుకేంది? తొమ్మిదొద్దులు ఉపాసమున్న. గింతంత పిల్లను అడిగిన, రాజ్యమేం అడుగలే. ఇయ్యకపాయె. నాకు కోపమొచ్చింది. నా కొడుకు పోయినప్పుడు గూడ గింత కోపం రాలే. ఇరవై దినాలాయె, నోరు తెరువబుద్ధి అయితలేదు. గందుకే రాలే మీ ఇంటికి. ఏం మొహం పెట్టుకొని రావాలె?"

ఆమె మొహం చూశాను. ఇది ఎత్తుగడ కాదు. సమ్మవ్వ నిజంగానే ఒట్టిపోయి వచ్చింది.

"నేను కూడా మాట్లాడతలేను సమ్మవ్వా" అన్నాను. అంతవరకు సరోజనకు కూడా చెప్పని మాట.

ఆమె కళ్ళు పెద్దవి చేసింది. "మీరు గూడనా? అయ్యో! మరి ఊరి తరుపున మాట్లాడెటోడెవడు? మొండయ్యనా? గా ఓడల నక్కలు, తోడేళ్ళు ఎక్కేదాక ఆయన మన ముచ్చట ఎత్తడు."

నాకు నవ్వొచ్చింది. నవ్వినందుకు సిగ్గేసింది.

"నావల్ల కాదు" అన్నాను.

"మీ కోసం చెయ్యమంటలేను. మీ దుఃఖం మీది. నా కోసం చెయ్యుండ్రి. నేను చెప్తే తిట్లొస్తయి. మీరు చదువుకున్నోళ్ళు, జర మర్యాదగ చెప్పుండ్రి, సమ్మవ్వకు కోపమొచ్చిందని."

అడిగింది. ఇరవై రోజుల్లో నన్ను ఒకరు ఒకటి అడిగారు. కళ్ళు మూసుకున్నాను. గుడిలో వాడే పెద్ద పెద్ద మాటలు ఒక్కటీ దొరకలేదు.

"ప్రభువా, సమ్మవ్వకు నీ మీద కోపమొచ్చింది. తిండి మానేసి అడిగింది. నువ్వు ఇయ్యలే." అక్కడ ఆగి, "మాకు ఇయ్యలే" అన్నాను. ఆ తర్వాత మర్యాద ఏమీ మిగల్లేదు. ఏమేం అన్నానో ఇక్కడ రాయను. ఆ ఊళ్ళో ఇంకా తొమ్మిదేళ్ళు పాస్టరుగా ఉన్నాను, అంత అధ్వాన్నమైన ప్రార్థన మళ్ళీ చేయలేదు. కానీ అరుస్తుండగానే నాకొకటి తెలిసింది. లేనివాడి మీద ఎవరూ ఇంతసేపు కోపపడరు. ఆయన వింటున్నాడు, నేను మాట్లాడుతున్నాను. ఇరవై రోజులుగా మూసుకుపోయింది తెరుచుకుంది. భయమేసింది, ప్రాణం కూడా లేచి వచ్చింది.

ఇక ఆమేన్ అనబోతుంటే గడప దగ్గర నుంచి సరోజన గొంతు వినిపించింది.

"పిల్ల పేరు చెప్పకుండ ప్రార్థనేంది?"

కళ్ళు తెరిచాను. ఆమె వచ్చి మా ఇద్దరి మధ్య కింద కూర్చుంది.

"చెప్పుండ్రి" అంది.

"కమల" అన్నాను. సమ్మవ్వ ఒక చేత్తో నా మోచెయ్యి, ఒక చేత్తో సరోజన భుజం పట్టుకుని, "ఊఁ, కమల. ఇంటున్నడు, చెప్పుండ్రి" అంది. మిగిలిన ప్రార్థన సరోజన చేసింది.