వినైల్ అనుకున్న లక్క రికార్డు

నేను పుట్టకముందే పోయిన అమ్మమ్మ పాట ఒకే ఒక్క గ్రామఫోను రికార్డులో మిగిలింది. దాన్ని డిజిటల్ చేయిద్దామని ఈ మధ్యాహ్నం మేముండే పారమట్టాలో ఒక రికార్డుల షాపుకు తీసుకెళ్లాను. మా అమ్మాయి నిహారిక దాన్ని కవర్లోంచి తీసి, రెండు చేతులతో వంచి చూసింది.

“వంచకే, విరుగుద్ది!”

“రిలాక్స్ అమ్మా, వినైల్ డజంట్ బ్రేక్.”

టప్పున రెండు ముక్కలైంది.

అది వినైల్ కాదు, లక్కతో చేసిన సెవెంటీ ఎయిట్ అన్నాడు షాపతను. నిమిషానికి అన్ని చుట్లు తిరుగుతుందట. నెమ్మదిగా తిరిగే వినైల్, అంటే ప్లాస్టిక్ రికార్డులు వచ్చాకే, తేడా తెలియడానికి సెవెంటీ ఎయిట్ అనే పేరు వాడుకలోకి వచ్చిందట. అంతకుముందు ఉత్త రికార్డులేనట. ఇప్పటి పిల్లలకు అన్నీ వినైలే.

అమ్మమ్మ గొంతు నేనింతవరకు వినలేదు. మీ ఇంట్లో ఎవరైనా లక్క రికార్డును వినైల్ అంటే వెంటనే దిద్దండి. నాకిక ఆ అవసరం లేదు.