గొంగడి చాటు ఫోటో

పోయిన నెల మా మనవరాలు నన్ను బలవంతంగా హైదరాబాదులో ఏదో పక్షుల ఫోటోల ప్రదర్శనకు తీసుకెళ్ళింది. తాతకు ఒకప్పుడు కెమెరా పని తెలుసునని ఎవరో చెప్పారట, చూసి సంతోషిస్తాడనుకుంది పాపం. రంగురంగుల పిట్టలను చూసుకుంటూ, మోకాళ్ళ నొప్పిని తిట్టుకుంటూ హాలు చివరి గోడ దగ్గరికి వచ్చేసరికి, అక్కడ నిలువెత్తు నలుపు తెలుపు ఫోటో ఒకటి కనిపించింది. బోడి నేల మీద రెక్కలు సర్దుకుని కూర్చున్న బట్టమేక పిట్ట. కింద పెద్ద అక్షరాలతో 'తల్లి మనసు' అని పేరు, దాని కింద ఫోటో తీసిన పెద్దమనిషి పక్షి ప్రేమ గురించి నాలుగు పొగడ్తలు, ఆ కింద గొర్రెల మందల తాకిడికే ఈ పిట్ట మన మెట్టల నుంచి కనుమరుగైందని ఒక తీర్పు. గొర్రెల మందలట! చేతికర్ర ఎత్తి ఆ అద్దం మీద ఒక్కటి వేయాలన్నంత కోపం వచ్చింది. మనవరాలి ముఖం చూసి ఊరుకున్నాను గానీ, కాగితం మీద ఊరుకునే ఓపిక నాకు లేదు.

పంతొమ్మిది వందల అరవైల మొదట్లో నేను మహబూబ్‌నగర్‌లో ఒక ఫోటో స్టూడియోలో పనిచేసేవాణ్ణి. పెళ్ళిళ్ళకు వెళ్ళి ఫోటోలు తీయడం, వెనక చీకటి గదిలో కూర్చుని వాటిని కడగడం నా పని. మీలో నా ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో ఫోటో అంటే ఊపిరి బిగబట్టి దిగేవాళ్ళు, పసిపిల్లలు కూడా గుళ్ళో రాతి దేవుళ్ళలా బిక్కమొహం వేసుకుని నిలబడేవాళ్ళు. ఆ స్టూడియోకే హైదరాబాదు నుంచి ఒక బృందం జీపులో వచ్చేది. పిట్టలను చూడటం, ఫోటోలు తీయడం వాళ్ళ సరదా. వాళ్ళ పెద్ద ఒక వకీలు. ఆయన దగ్గర మోచేయంత పొడుగు లెన్సు ఉండేది. కెమెరాలో ఫిల్ము రోల్స్ మార్చడానికి, మూడుకాళ్ళ స్టాండు మోయడానికి చెయ్యి తిరిగిన మనిషి కావాలని నన్ను వెంట తీసుకుపోయేవారు. ఇష్టంగానే పోయేవాణ్ణి. రోజూ పెళ్ళికొడుకుల మీసాలు చూసే కంటికి ఆకాశంలో గద్దను చూడటం పండుగే కదా.

ఆ ఏడు తొలకరి పడ్డాక వకీలు గారికి బట్టమేక పిట్ట మీద మనసు పోయింది. నిలబడితే మేకపోతంత ఎత్తుంటుంది, గడ్డి మెట్టల్లో తిరుగుతుంది, నేల మీదనే ఒక్కటంటే ఒక్క గుడ్డు పెడుతుంది. ఆత్మకూరు దిక్కు మెట్టల్లో మా మేనమామ గొర్రెలు కాసేవాడు. ఆ పిట్ట ఆయన మంద తిరిగే చోటనే గుడ్డు పెట్టిందని విని, బృందాన్ని ఆయన దగ్గరికి తీసుకెళ్ళాను.

మా వాళ్ళకు ఒక పద్ధతి ఉండేది. మేత జాగాలో పొదిగే పిట్ట కనబడితే, గొర్రెలు తొక్కకుండా కాస్త ఎడంగా చుట్టూ రేగు కంప వేసి, పిల్ల లేచి నడిచేదాకా మందను పక్కనుంచి మళ్ళించేవాళ్ళు. అలా అలవాటైన పిట్ట గొంగడి కప్పుకున్న మనిషిని గొర్రెల్లో గొర్రె కింద జమకట్టుకునేది. పది అడుగుల దూరంలో నడిచినా తల తిప్పేది కాదు. మామ తన గొంగడి నాకే ఇచ్చి, ఒక్క మాట చెప్పాడు.

"అల్లుడా, గా కంప దాటి లోపలికి పోవద్దు. అది మన మీద భరోసతోని కూసున్నది."

మొదటి రోజు గొంగడి కప్పుకుని, మంద నడుమ కెమెరాతో కూర్చుని నేను కొన్ని ఫోటోలు తీశాను. వకీలు గారికి నచ్చలేదు. కంప పుల్లలు అడ్డం వస్తున్నాయట, గడ్డి నీడ పిట్ట మీద పడుతోందట. మరునాడు పొద్దున మామ మందను నీళ్ళకు వాగు దగ్గరికి తోలుకుపోయాడు, పిట్ట మేతకు పోయింది. ఇదే సందని వకీలు కంప మొత్తం పీకించి అవతల పారేయించాడు, గడ్డి కోయించాడు. అంతటితో ఆగినా బాగుండేది. గుడ్డును చేతిరుమాలుతో పట్టుకుని, ఎండ బాగా పడుతోందని నాలుగు గజాల అవతల చదును నేల మీద పెట్టాడు! నేను గొంతు చించుకున్నాను, ఇది పాపం సాబ్ అన్నాను, తిరిగి పెట్టబోతే ఇద్దరు నా చెయ్యి పట్టుకున్నారు.

"ఏం గాదులేవోయ్. తల్లి గదా, ఎతుక్కుంటది. నువ్వు జర ఊకుండు," అన్నాడు వకీలు.

అంతలోనే దూరంగా పిట్ట తిరిగి రావడం కనబడింది. మిగతా వాళ్ళు తంగేడు పొదల చాటుకు పోయారు. వకీలు నన్ను గొంగడి కిందకు లాగి, తాను కెమెరా దగ్గర కూర్చున్నాడు. పిట్ట మెల్లగా నడిచి వచ్చింది. పక్కనే ఉన్న గుడ్డు వైపు ఒకసారి చూసింది. చూసి, దాటి వెళ్ళి, తన పాత జాగాలోనే, ఖాళీ నేల మీద, రెక్కలు సర్దుకుని కూర్చుంది. దానికి తెలిసింది ఆ చోటే, గుడ్డు కాదు. ఆయన టకటకా ఫోటోలు తీస్తూ ఆనందంతో గొణుక్కుంటున్నాడు. అప్పుడే ఒక కాకి గుడ్డు దగ్గర వాలింది. కంప లేదు మరి, దానికి అడ్డమేముంది? నేను లేవబోతే భుజం నొక్కిపట్టి, కదిలితే పిట్ట పోతుందని పళ్ళు కొరికాడు. విదిలించుకుని అరుస్తూ పరుగెత్తాను. పిట్ట లేచిపోయింది, కాకి కూడా లేచింది. గుడ్డు అప్పటికే పగిలి ఉంది.

మామ వచ్చి ఆ పెంకు చూశాడు. కింద పడి ఉన్న గొంగడి తీసుకుని దులిపి భుజాన వేసుకుని, "ఇగ వీళ్ళను నా మంద దిక్కు తీస్కరాకు అల్లుడా," అన్నాడు. నేను వాళ్ళ జీపెక్కలేదు. స్టూడియోలో ఆ ఫిల్ము రోల్ కడగనని తెగేసి చెప్పాను, వేరెవరో కడిగారు. ఆ తర్వాత ఆ పిట్ట కనబడినా, దూరంగా గొంగడి కదిలితే చాలు, లేచిపోయేదట. రెండు మూడేళ్ళకు అటు రావడమే మానేసింది. మామ బతికున్నన్నాళ్ళూ తొలకరి పడగానే ఆ మెట్ట వైపు చూసి, ఈసారీ రాలేదని బాధపడేవాడు.

ఇప్పుడు ఆ మెట్టంతా సున్నం పూసిన రాళ్ళు పాతిన ప్లాట్లు. మా వాళ్ళలో గొంగడి కప్పుకునే మనిషి లేడు, కంప వేసే అలవాటు ఎవరికీ తెలియదు. మిగిలింది ఈ ఫోటో ఒక్కటే, నేను దాన్ని మొదటిసారి చూసింది పోయిన నెలలోనే. జనం దాని ముందు నిలబడి సెల్ఫీలు తీసుకుంటుంటే, మనవరాలిని దగ్గరికి పిలిచి కుడి అంచున మసకగా ఉన్న నల్లమచ్చను చూపించాను.

"రాయా తాతా?" అని అడిగింది.

"రాయి గాదు బిడ్డా, కాకి," అన్నాను.