పెద్దకారు తలుపులు

తాడేపల్లిగూడెంలో మెకానిక్ రసూల్‌కి ఒక పెద్దకారు ఉంది. దాని వయసు యాభై ఐదేళ్లు, పడవంత బానెట్టు, రెండే తలుపులు, ఒక్కో తలుపూ మంచమంత పొడుగు. పెళ్లి ఊరేగింపులకు అద్దెకిస్తాడు. కుట్టుమిషను మీద కష్టపడి ఆయన భార్య వహీదా ఒక చిన్నకారు కొనుక్కుంది. పెద్దకారు ఎక్కడికి బయల్దేరినా చిన్నకారు రెండు నీళ్ల క్యాన్లు వేసుకుని వెంట వెళ్లాలి, పెద్దదానికి దారిపొడుగునా దాహం కనుక. ఈ సంగతి వహీదా రోజూ గుర్తుచేసేది. అగ్గిపెట్టెలో పెళ్లికొడుకుని కూర్చోబెడతారా అని రసూల్ అనేవాడు.

చివరికి ఇద్దరూ ఒక మాట అనుకున్నారు. పెద్దకారు కొంటానని తణుకు నుంచి ఒకాయన ఆదివారం వస్తున్నాడు. ఈలోగా శుక్రవారం అద్దెకి ఒప్పుకున్న పెళ్లి పేచీ లేకుండా గడిస్తే కారు ఇంట్లో ఉంటుంది. లేదంటే తణుకు పోతుంది.

పెళ్లికొడుకు దుర్గేష్ వాళ్లది గణపవరం దాటాక కొల్లేటి వైపు, చేపల చెరువుల మధ్య ఊరు. వాళ్ల ఇంటి సందుకి ఒక పక్క చేపల మేత గోడౌను, ఇంకో పక్క ప్రహరీ. రసూల్ ముందురోజే స్కూటర్ మీద వెళ్లి సందు వెడల్పు తాడుతో కొలిచాడు. కారుకి అటు జానెడు, ఇటు జానెడు మిగిలింది. ఆ రాత్రి భోజనం దగ్గర ఆ తాడునే భార్యకి చూపించాడు.

శుక్రవారం పెళ్లయ్యాక కొత్త జంటతో పెద్దకారు ఒరలోకి కత్తిలా సందులోకి దూరి, గుమ్మం ముందు ఆగింది. హారతి పళ్లెంతో ఆడవాళ్లు ఎదురొచ్చారు. దుర్గేష్ తలుపు తోశాడు. జానెడు తెరుచుకుని గోడకి కొట్టుకుంది. రెండోదీ అంతే. రసూల్ కారుని కొలిచాడు గాని తలుపుని కొలవలేదు.

దుర్ముహూర్తానికి పన్నెండు నిమిషాలుంది. కిటికీలోంచి దిగుతామని దుర్గేష్ అన్నాడు. వాళ్ల నాయనమ్మ పాపమ్మ ఒప్పుకోలేదు.

"కిటికీలోంచి దిగిన కోడలు మా ఇంట లేదు బాబూ."

వెనక వహీదా చిన్నకారు దిగి, జనాన్ని పక్కకి జరిపి, తన కారుని రోడ్డు మీదకి తీసింది. పెద్దకారు ఆమె చెయ్యి చూసుకుంటూ వెనక్కి, చెమటలు కక్కుతూ, రోడ్డెక్కింది. పెళ్లికూతురు భావన పట్టుచీర ఎత్తిపట్టుకుని దుర్గేష్‌తో పాటు చిన్నకారులోకి మారింది. అది సందులోకి వెళ్లి, నాలుగు తలుపులూ తెరుచుకుని, రెండు నిమిషాలుండగానే ఇద్దరినీ దింపింది.

భోజనాల దగ్గర రసూల్ తలెత్తలేదు. ఆయన పక్కనే వడ్డిస్తున్న పాపమ్మ వచ్చే నెల మనవరాలి పెళ్లికి ఇద్దరూ రావాలంది. రోడ్డు దాకా పెద్దది, గుమ్మం దాకా చిన్నది.

రసూల్ వహీదాని అడిగాడు.

"తణుకాయనకి ఏం చెప్పమంటావు?"

"ఒక బండి అమ్మేస్తే రెండు బండ్ల పెళ్లికి ఎలా వెళ్తామండీ? రావద్దనండి. కానీ ఇకనుంచి ముందు నేను, వెనక మీరు."

గూడెం దాకా రసూల్ చిన్నకారు వెనకే నడిపాడు. రోడ్డు ఖాళీగా ఉన్నచోట కూడా దాటలేదు.