కోసి చూడందే మావ కొనడు

ఇవాళ మా మావ కంప్యూటర్ కొంటానంటే టెక్కలి తీసుకెళ్లాను. మావది పలాసలో జీడిపప్పు వ్యాపారం. నేనేమో లినక్స్ పిచ్చోణ్ని. ఎవరైనా ఉచితంగా వాడుకోగల ఆ సిస్టమ్ మీ కంప్యూటర్లలో సరిగ్గా పనిచేసేలా చూడండి మహాప్రభో అని కంపెనీలకు ఏడాదిగా మెయిళ్లు రాస్తున్నాను. ఒక్కరూ పలకలేదు.

షాపులో, కంప్యూటర్లోకి ఎక్కించకుండానే నడిచే నా లినక్స్ సీడీ తీసి, కొనేముందు ఓసారి వేసి చూస్తానన్నాను. ఓనరు ముఖం మాడ్చుకున్నాడు.

"కొనకుండా సీడీలెయ్యడమేటి సార్?"

నేను తగ్గిపోయేవాణ్నే. మావ కుర్చీలోంచి లేచాడు.

"అదేటి బాబూ! గుప్పెడు పిక్కలు తీసి కోసి సూడకుండా మేం జీడిపిక్కల బస్తా కొంటామేటి? మావోణ్ని ఎయ్యనీ."

మొదటి కంప్యూటర్లో బొమ్మ బాగానే వచ్చింది గానీ సౌండ్ రాలేదు.

"ఇది పుచ్చు పిక్క. పక్కనెట్టు," అన్నాడు మావ.

వేరే కంపెనీది తెరిపించాం. అందులో సౌండూ, నెట్టూ అన్నీ పనిచేశాయి. మావ అదే కొన్నాడు.

మేం అక్కడుండగానే ఓనరు మొదటి కంపెనీ వాళ్లకి ఫోన్ చేశాడు. "మీ మిషన్లో లినక్స్ ఏత్తే సౌండ్ రాలేదండి. మీ బేరం పోయింది."

అవతల్నుంచి ఒకటే ప్రశ్నలు. ఏ మోడల్, ఏ సీడీ, మళ్లీ చెప్పండి అని! ఏడాది మెయిళ్లకు కదలని కంపెనీ, పోయిన ఒక్క బేరానికి ఉలిక్కిపడింది.

మీరూ ఈసారి షాపుకి సీడీ పట్టుకెళ్లండి. లేకపోతే కామెంట్లో అడగండి, కాపీ చేసి పంపుతాను. మావని మాత్రం అరువివ్వను.