మూడు డబ్బాల కొండలరావు

యారాడలో బోట్లకి రంగులు వేసే కొండలరావు నాలుగో డబ్బా కొన్న పాపాన పోలేదు. ఎరుపు, పసుపు, నీలం. ఆ మూడుంటే చాలు, లోకాన్నంతా పూసేస్తాననేవాడు. ఎరుపులో పసుపు కలిపితే కాషాయం. ఎరుపులో నీలం పడితే వంకాయ రంగు. పసుపులో నీలం చుక్కచుక్కగా వదులుతూ పుల్లతో తిప్పుతుంటే, లేత చిగురు దగ్గర మొదలై ముదురాకు దాకా పోయేది. పని మానేసి మేమంతా చుట్టూ చేరేవాళ్లం. మెచ్చుకుంటే మనిషి ఉబ్బిపోయేవాడు.

ఆ ఉబ్బే కొంప ముంచింది.

చేపల వేట నిషేధం రోజుల్లో మా ఊరి జాలరి కన్నబాబు ఫోన్ చేశాడు. "బోటుకి పచ్చ ఎయ్యి బావా" అన్నాడు. మన భాష సంగతి తెలిసిందే, ఆకూ పచ్చే, పసుపూ పచ్చే. ఏ పచ్చ అని కొండలరావు అడగలేదు. మూత తీసి పసుపు అలాగే పూసేస్తే అందులో తన పనితనమేముంది? నీలం కలిపి మరీ వేశాడు.

కన్నబాబు వచ్చి చూసి, మా అందరి ముందూ పగలబడి నవ్వాడు. "నానేటి సెప్పాను, నువ్వేటి సేసావు? దూరానికి కనబడతాదని పసుపుపచ్చ ఎయ్యమన్నాను బావా. పోన్లే, వొచ్చే ఏడు సూద్దాం." మర్నాడే గంగమ్మ పూజ, ఆ వెంటనే వేట. మళ్లీ పూసే వ్యవధి లేదు.

ఆ ఏడే, ఇంజను ఆగిపోయిందని సముద్రం మీంచి అతని ఫోన్ వచ్చింది. ఆ తర్వాత పలకలేదు. వెతకడానికి వెళ్లినవాళ్లకి నీళ్లు తప్ప ఏమీ కనబడలేదు. చివరికి బోటు ఖాళీగా కొట్టుకొచ్చింది, వాళ్లు తిరిగిన వైపు నుంచే.

పసుపు వేసుంటే కనబడేదా? ఎవడు చెప్పగలడు! ఆ మాటే అని చూశాం. కొండలరావు తలకెక్కలేదు. అప్పట్నుంచి రంగులు కలపడం మానేశాడు. పసుపు డబ్బాకీ నీలం డబ్బాకీ మధ్య ఎర్ర డబ్బా అడ్డం పెడతాడు. గోళ్ల సందున పచ్చ పోలేదంటూ కిరసనాయిలు పోసుకుని రక్తం వచ్చేలా రుద్దుతాడు. మా కళ్లకి అక్కడేమీ ఉండదు. సాయంత్రం పసుపు ఎండ నీలం నీళ్ల మీద పడితే చాలు, సముద్రానికి వీపు తిప్పి కూర్చుంటాడు. చూస్తే నాకే భయమేసేది.

అతని అసలు భయం మాత్రం, కన్నబాబు భార్య సూర్యకాంతమ్మకి ఈ రంగు సంగతి తెలిసిపోతుందేమోనని. మేమూ నోరు మెదపలేదు. ఆమె ఎదురొస్తే సందు మార్చేసేవాడు.

ఈ ఏడు ఆమె కొడుకు నరేష్ వేటకి దిగుతున్నాడు. మొన్న ఆమే ఒడ్డుకి వచ్చింది. కొండలరావుకి తప్పుకునే దారి లేకపోయింది.

"అన్నయ్యా, మా వోడి బోటుకి పచ్చ ఎయ్యాల."

అతను ఎర్ర డబ్బాని పసుపుకీ నీలానికీ మధ్యకి ఇంకాస్త జరిపాడు.

"ఏ పచ్చమ్మా?" అన్నాడు.

ఆమె అతని ముఖంలోకే చూసింది.

"మీ బావ బోటు రంగు సూసిన దినమే ఇంటికొచ్చి నవ్వుతా సెప్పాడు అన్నయ్యా. ఈ మాట అప్పుడే అడిగుంటే ఏటి పోయీది?"